ఆఘాత స్పృహ గల బడి: మూల్యాంకనం దేన్ని కొలుస్తోంది?

పాఠశాల మానసిక ఆరోగ్యంపై మీరు చదివిన పాఠాల్లో ‘ఆఘాత స్పృహతో కూడిన సంరక్షణ’ అనే మాట ఎదురై ఉంటుంది. ఇంట్లో హింసనో, ఆప్తుల మరణాన్నో, యుద్ధాన్నో, వరదనో చూసి వచ్చిన పిల్లవాడి మనసుపై పడిన దెబ్బను మానసిక ఆఘాతం అంటాం. అలాంటి పిల్లలు తరగతిలో ఉన్నారని తెలుసుకుని బడి తన పద్ధతులు మార్చుకోవడమే ఆఘాత స్పృహ. ఈ వ్యాసం ఆ భావనను మళ్లీ వివరించదు. ఒక బడి ‘మేము ఆఘాత స్పృహతో పనిచేస్తున్నాం, ఫలితాలు బాగున్నాయి’ అని చెప్పినప్పుడు ఆ మాటను ఎలా పరీక్షించాలో చూస్తుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ రంగంలో బాగా పేరు పొందిన మూల్యాంకనాల్లో చాలా వరకు సులువుగా చేతికందే లెక్కలనే కొలిచాయి. పిల్లవాడి బాధ తగ్గిందా అని అడిగినవి తక్కువ. బడి తానే పిల్లవాడిని గాయపరుస్తోందా అని అడిగినవి మరీ అరుదు.

1. ఎక్కడ మొదలైంది

అమెరికాలోని శాన్ డియేగోలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థకు వచ్చే వయోజనులను విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా బృందం వారి బాల్యం గురించి ప్రశ్నించింది. తొలి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. బాల్యంలో ఎదురైన ప్రతికూల అనుభవాల సంఖ్య పెరిగే కొద్దీ పెద్దయ్యాక గుండె జబ్బు, కుంగుబాటు, మద్యానికి బానిస కావడం వంటివి పెరుగుతున్నట్లు తేలింది. ఈ అధ్యయనాన్ని ‘ఏస్’ అని పిలుస్తారు. ఏస్ జాబితాలో నేడు వాడుకలో ఉన్నవి 10 అనుభవాలు: శారీరక, మానసిక, లైంగిక హింస, నిర్లక్ష్యం, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లో ఎవరైనా జైలుకు వెళ్లడం వంటివి. 2014లో అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా ఆఘాత స్పృహకు నాలుగు మెట్లు చెప్పింది. ఆఘాతం ఎంత విస్తారమైనదో గ్రహించడం, దాని గుర్తులను పసిగట్టడం, తగిన విధంగా స్పందించడం, మళ్లీ గాయపరచకుండా ఉండటం. ఈ నాలుగో మెట్టు దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాం.

ఏస్ అధ్యయనం గురించి ఒక మాట గుర్తుంచుకోండి. అందులో పాల్గొన్నవారిలో ఎక్కువమంది ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతి అమెరికన్లు, నడివయసు దాటినవారు. తమ బాల్యాన్ని దశాబ్దాల తర్వాత గుర్తు చేసుకుని చెప్పారు. బడిలో కూర్చున్న పదేళ్ల పిల్లవాడికి మార్కులు వేయడానికి తయారైన సాధనం కాదది.

2. వాలా వాలా లెక్కలు

బడుల్లో ఆఘాత స్పృహకు పేరు తెచ్చిన కథ వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలా అనే చిన్న పట్టణానిది. అక్కడి లింకన్ హైస్కూలు మిగతా బడుల్లో ఇమడలేని పిల్లలు చేరే ప్రత్యామ్నాయ పాఠశాల. దాని ప్రధానోపాధ్యాయుడు జిమ్ స్పోర్లీడర్ 2010లో ఒక సదస్సులో తీవ్రమైన ఒత్తిడి పిల్లల మెదడుపై చూపే ప్రభావం గురించి విన్నాడు. తిరిగి వచ్చి క్రమశిక్షణ పద్ధతి మార్చాడు. ఉపాధ్యాయుణ్ణి తిట్టిన పిల్లవాణ్ణి ఆ రోజే ఇంటికి పంపేయకుండా, కూర్చోబెట్టి ముందు ‘నీకేమైంది?’ అని అడగడం మొదలైంది. ఈ బడిలోని ఆరుగురు విద్యార్థుల ఏడాది జీవితాన్ని జేమ్స్ రెడ్‌ఫర్డ్ 2015లో ‘పేపర్ టైగర్స్’ అనే డాక్యుమెంటరీగా తీశాడు.

అప్పట్లో ప్రచారంలోకి వచ్చిన లెక్కలివి. 2009-10లో సస్పెన్షన్ కారణంగా పిల్లలు బడికి దూరమైన రోజులు 798. మరుసటి ఏడాది 135. బడి నుంచి పూర్తిగా తీసివేసిన సందర్భాలు 50 నుంచి 30కి, ఉపాధ్యాయులు రాసి పంపిన ఫిర్యాదులు 600 నుంచి 320కి తగ్గాయి. సస్పెన్షన్లు 85 శాతం తగ్గాయని శీర్షికలు వచ్చాయి. (798, 135లను మీరే లెక్క కట్టి చూడండి, 83 శాతం వస్తుంది. చిన్న తేడానే, కానీ శీర్షికను నమ్మి లెక్కను చూడకపోవడం అలవాటైతే పెద్ద తేడాలు కూడా కంటికి ఆనవు.)

ఈ లెక్కలను విమర్శకుడిగా చదవడం ఎలా? మొదట, లెక్కలోకి వచ్చినది ఏమిటో చూడాలి. 798 అనేది పిల్లలు బడి బయట గడిపిన రోజుల సంఖ్య. కొత్త పద్ధతిలో గొడవ చేసిన పిల్లవాణ్ణి ఇంటికి పంపడం తగ్గించి, బడిలోనే ఒక ప్రశాంతమైన గదిలో ఉంచారు. అది మంచి మార్పే. ఇంట్లోనే హింస ఉన్న పిల్లవాణ్ణి ఇంటికి పంపడం కంటే బడిలో ఉంచుకోవడం ఎన్నో రెట్లు మేలు. అయితే బడి లోపలి గదిలో గడిపిన రోజు ఈ లెక్కలోకి రాదు. అంటే పిల్లల ప్రవర్తన ఇసుమంత మారకపోయినా సంఖ్య పడిపోతుంది. ఇక్కడ తగ్గినది ముందుగా పెద్దల నిర్ణయం. పిల్లల ఉద్వేగం కూడా తగ్గి ఉండవచ్చు. ఫిర్యాదులు సగానికి రావడం అటువైపు కొంత సూచిస్తుంది. కానీ ఆ ఫిర్యాదులు రాసేది కూడా శిక్షణ పొందిన ఉపాధ్యాయులే. ‘చీటీ రాయకుండా మాట్లాడండి’ అని నేర్పిన తర్వాత చీటీలు తగ్గితే ఆశ్చర్యమేముంది?

రెండోది, పోలిక. ముందు ఒక ఏడాది, తర్వాత ఒక ఏడాది, ఒకే బడి. మీరు పరిశోధనా పద్ధతుల పాఠంలో చదివిన ‘సగటు వైపు తిరోగమనం’ గుర్తు తెచ్చుకోండి. ఏదైనా కొలత ఒక ఏడాది అసాధారణంగా ఎక్కువగా ఉంటే, మనం ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది సాధారణ స్థాయికి దిగే అవకాశం ఉంది. పైగా ఇలాంటి ప్రత్యామ్నాయ బడుల్లో పిల్లలు ఏటా మారుతుంటారు. మార్పు లేని మరో బడితో పోల్చి చూస్తే తప్ప తగ్గుదలలో ఎంత భాగం ఆఘాత స్పృహది, ఎంత భాగం కాలానిది అని చెప్పలేం.

స్పోర్లీడర్ చేసిన పని నాకు నచ్చింది. ఆ డాక్యుమెంటరీ చూసిన ఏ ఉపాధ్యాయుడైనా తన తరగతిలోని ఒక ముఖాన్ని గుర్తు చేసుకోకుండా ఉండలేడు. పని మంచిది కావడం ఒక సంగతి, అది పనిచేసిందని రుజువు కావడం మరో సంగతి. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల ఈ రంగానికి మేలు జరగలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ‘హార్ట్స్’ కార్యక్రమం మీద 2016లో వచ్చిన నివేదికకూ ఇదే వర్తిస్తుంది. ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదేళ్లలో క్రమశిక్షణ సంఘటనలు 87 శాతం తగ్గాయని అందులో ఉంది. అక్కడా పోలిక సమూహం లేదు.

3. ఉపాధ్యాయుల వైఖరి

మరో తరహా మూల్యాంకనం ఉపాధ్యాయులను అడుగుతుంది. వీటిలో బాగా వాడుకలో ఉన్నది 2016లో వచ్చిన ‘ఆర్టిక్’ వైఖరి మాపని. దానికి 45, 35, 10 అంశాల రూపాలున్నాయి. రెండు పరస్పర విరుద్ధ వాక్యాలు ఇచ్చి, మీ అభిప్రాయం ఏడు స్థానాల్లో ఎక్కడ నిలుస్తుందో గుర్తించమంటుంది. జాగ్రత్తగా తయారు చేసిన సాధనమే, విశ్వసనీయత బాగుంది. కానీ విశ్వసనీయత వేరు, సప్రమాణత వేరు. ‘పిల్లవాడి చెడు ప్రవర్తన వెనక బాధ ఉంటుంది’ అని ఒప్పుకున్న ఉపాధ్యాయుడు, మధ్యాహ్నం ఆరో పీరియడ్‌లో, అరవై మంది పిల్లల మధ్య అలాగే ప్రవర్తిస్తాడని ఆ మాపని హామీ ఇవ్వదు.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి ఉపాధ్యాయ శిక్షణ ముగింపు రోజున నేనే అభిప్రాయ పత్రాలు పంచాను. ఒక మాస్టారు రెండు కాగితాలు నింపుతున్నారు. ఇదేమిటని అడిగితే, రెండోది బస్సు కోసం ముందే వెళ్లిపోయిన స్నేహితుడిదట. రెండింటిలోనూ అన్నింటికీ ఐదుకు ఐదు. ఆ కట్టలోని మిగతా కాగితాలు కూడా వాటికి పెద్దగా భిన్నంగా లేవు. నేను వాటి సగటు తీసి నివేదికలో రాశాను. ఇప్పుడైతే రాయను.

4. పిల్లలనే అడిగినప్పుడు

పిల్లల్నే నేరుగా కొలిచిన అధ్యయనాలు లేకపోలేదు. 2003లో లాస్ ఏంజెలెస్‌లో బ్రాడ్లీ స్టైన్ బృందం ప్రచురించిన ప్రయోగం వాటిలో ముఖ్యమైనది. హింసను చూసి, ఆఘాత లక్షణాలతో బాధపడుతున్న 126 మంది ఆరో తరగతి పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు సమూహాలుగా విభజించారు. ఒక సమూహానికి బడిలోనే పది సమావేశాల చికిత్స వెంటనే ఇచ్చారు, రెండో సమూహానికి కొన్ని నెలల తర్వాత ఇచ్చారు. ఈ చికిత్సను ‘సీబిట్స్’ అంటారు. మూడు నెలలకు మొదటి సమూహంలో ఆఘాత లక్షణాలు, కుంగుబాటు స్పష్టంగా తగ్గాయి. తల్లిదండ్రులు కూడా మెరుగుదల చూశారు.

ఇందులో నేను ఏటా విద్యార్థులకు చూపించే వాక్యం ఇంకొకటి. తరగతిలో అల్లరి, బెరుకు, చదువులో ఇబ్బంది, ఈ మూడింటిలోనూ ఉపాధ్యాయుల నివేదికలు రెండు సమూహాల మధ్య తేడా చూపలేదు. పిల్లవాడి రాత్రుళ్లు కాస్త తేలికయ్యాయి, పీడకలలు తగ్గాయి. అదే సమయంలో టీచరు కంటికి అతను నిన్నటి పిల్లవాడే. ఈ బడిలో మనం క్రమశిక్షణ చీటీలను మాత్రమే లెక్కపెట్టి ఉంటే, కార్యక్రమం విఫలమైందని తేల్చి ఆపేసేవాళ్లం. వాలా వాలా ఉదాహరణను తలకిందులు చేసి చూడండి. చీటీలు తగ్గినా పిల్లల బాధ తగ్గిందని చెప్పలేం, బాధ తగ్గినా చీటీలు తగ్గకపోవచ్చు. చీటీ పెద్దలకు కలిగిన ఇబ్బందిని నమోదు చేస్తుంది. మనకు కావలసింది పిల్లవాడి స్థితి.

మన పొరుగున ఉత్తర శ్రీలంకలో జరిగిన ప్రయోగం మరింత లోతుగా ఆలోచింపజేస్తుంది. వీట్సే టోల్ బృందం 2012లో ప్రచురించిన ఈ అధ్యయనంలో 9 నుంచి 12 ఏళ్ల పిల్లలు 399 మంది పాల్గొన్నారు. స్థానికంగా శిక్షణ పొందినవారు బడిలో 15 సమావేశాలు నడిపారు. ప్రధానంగా ఆశించిన ఫలితాలు మొత్తం మీద కనిపించలేదు. ప్రవర్తనా సమస్యలు తగ్గాయి. బాలురకు ఆఘాత లక్షణాల్లో కొంత మేలు జరిగింది. బాలికల విషయంలో మాత్రం, కార్యక్రమంలో ఉన్నవారి కంటే తమ వంతు కోసం ఎదురుచూస్తున్న వారిలోనే ఆఘాత లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. మంచి ఉద్దేశంతో చేసిన పని కొందరు పిల్లలు సహజంగా కోలుకునే వేగాన్ని తగ్గించి ఉండవచ్చన్నమాట. ‘మేలు జరగకపోయినా కీడైతే జరగదు కదా’ అనే మాట శిక్షణ తరగతుల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ మాట అనేవారికి ఈ అధ్యయనం చూపించండి.

అదే ప్రయోగంలో ఇంకో ఫలితం ఉంది. యుద్ధం తెచ్చిన కష్టాలు రోజువారీ జీవితంలో తక్కువగా ఉన్న పిల్లలకు కార్యక్రమం ఎక్కువ ఉపయోగపడింది, ఇంకా ఆ కష్టాల మధ్యనే బతుకుతున్న వారికి తక్కువ. గాయం మానాలంటే ముందు దెబ్బ ఆగాలి.

5. సున్నా అంటే ఏమిటి

2019లో బ్రాండీ మేనార్డ్ బృందం క్యాంప్‌బెల్ కొలాబరేషన్ తరఫున ఒక క్రమబద్ధ సమీక్ష ప్రచురించింది. ఉపాధ్యాయ శిక్షణ, ఆఘాతానికి ప్రత్యేక సేవలు, బడి వాతావరణంలోనూ పద్ధతుల్లోనూ మార్పు, ఈ మూడింటిలో కనీసం రెండు ఉన్న కార్యక్రమాలను మాత్రమే ఆఘాత స్పృహ విధానంగా లెక్కించారు. సరైన పోలిక సమూహం ఉండాలని కూడా నియమం పెట్టుకున్నారు. ఆ నియమాలకు నిలిచిన అధ్యయనాల సంఖ్య సున్నా. సీబిట్స్ వంటివి ఒక చికిత్సకు పరిమితం కాబట్టి ఈ పరిధిలోకి రావు. అమెరికాలో ఎన్నో రాష్ట్రాలు ప్రోత్సహిస్తున్న విధానానికి ఆనాటికి ఒక్క గట్టి రుజువు కూడా లేదు.

ఈ సున్నాను పరీక్షల్లో చాలామంది తప్పుగా చదువుతారు. రుజువు లేకపోవడం అంటే పనిచేయదని రుజువు కావడం కాదు. ఎవరూ సరిగా కొలవలేదని మాత్రమే దాని అర్థం. అయితే నా దృష్టిలో ఇది అమాయకమైన సున్నా కాదు. ఏళ్ల తరబడి శిక్షణలకు డబ్బు దొరికింది, డాక్యుమెంటరీకి దొరికింది, పోలిక సమూహానికి మాత్రం దొరకలేదు. పిల్లలను ఎదురుచూసే సమూహంలో పెట్టడం అన్యాయం అని కొందరు అంటారు. అందరికీ ఒకేసారి ఇవ్వగల సిబ్బంది లేనప్పుడు, ఎవరు ముందు అనేది లాటరీతో నిర్ణయించడంలో అన్యాయమేమీ లేదు. లాస్ ఏంజెలెస్‌లో చేసింది అదే.

6. బడి చేసే గాయం

ఇప్పుడు నాలుగో మెట్టు. మళ్లీ గాయపరచకుండా ఉండటం. ఏస్ జాబితాలోని పది అనుభవాలను మళ్లీ చూడండి. వాటిలో దాదాపు అన్నీ ఇంటికి, ఇంట్లోవారికి సంబంధించినవే. శారీరక హింస ప్రశ్న కూడా తల్లిదండ్రులు, ఇంట్లోని పెద్దల గురించే అడుగుతుంది. ఉపాధ్యాయుడు కొట్టిన దెబ్బకు ఆ జాబితాలో చోటు లేదు. ఆ ప్రశ్నావళితో బయలుదేరినవారికి ఆఘాతం ఎప్పుడూ ఇంటి నుంచే వస్తుంది, బడి ఎప్పుడూ ఆశ్రయమే. ఈ అంచనా సాధనంలోనే దాగి ఉంది.

ఆ అంచనాను మన ప్రాంతంలో పరీక్షించి చూద్దాం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను అనుసరించింది. రాష్ట్ర విభజన తర్వాత అది రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగింది. అందులో 2009 నాటి సమాచారాన్ని విశ్లేషించి యునిసెఫ్ 2015లో ప్రచురించిన పత్రం ప్రకారం, ఎనిమిదేళ్ల పిల్లల్లో 78 శాతం మంది ముందు వారంలో బడిలో శారీరక శిక్ష అనుభవించామని చెప్పారు. పదిహేనేళ్లవారిలో ఇది 34 శాతం. బడి ఎందుకు నచ్చదని అడిగితే పిల్లలు చెప్పిన కారణాల్లో బడిలోని హింసే ముందుంది. శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ సర్వే అంతకు ముందరిది కాబట్టి నేటి బడులకు ఈ శాతాలను యథాతథంగా అంటగట్టకూడదు. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడి వారంలో దెబ్బ అంత మామూలు విషయమైన చోట, ఆఘాత స్పృహను మూల్యాంకనం చేసేవారు మొట్టమొదట అడగాల్సింది ఇంటి గురించా, బడి గురించా?

అమెరికా సూచికలు ఇక్కడ మరో కారణంగా కూడా పనికిరావు. మన ప్రాథమిక బడుల్లో సస్పెన్షన్ అనేది దాదాపు లేదు. గుంజీలు తీయించడం, గోడకుర్చీ వేయించడం, బెంచీ ఎక్కించడం, తరగతి బయట ఎండలో నిలబెట్టడం, అందరి ముందు కులం పేరో ఇంటి పరిస్థితో ఎత్తి మాట్లాడటం, ఇవేవీ ఏ రిజిస్టరులోకీ ఎక్కవు. ప్రధానోపాధ్యాయుణ్ణి లెక్క అడిగితే ‘మా బడిలో అలాంటివి లేవండీ’ అంటారు. రికార్డు ప్రకారం అది నిజమే. సస్పెన్షన్ సంఖ్యను సూచికగా పెట్టుకుంటే మన బడులన్నీ మొదటి రోజే ఆఘాత స్పృహలో నూటికి నూరు తెచ్చుకుంటాయి.

కాబట్టి ఇక్కడ మూల్యాంకనం చేయాలంటే తరగతి వెనక బెంచీలో కూర్చోక తప్పదు. ఒక్క రోజు చాలదు. మొదటి రోజు అందరూ అతిథి ముందు మంచిగానే ఉంటారు, నాలుగో రోజుకు మిమ్మల్ని మరిచిపోతారు. పేరు పెట్టి పిలిచినప్పుడు పిల్లవాడి భుజాలు ఎలా కదులుతాయి, తప్పు జవాబుకు ఏమవుతుంది, ఏడ్చిన పిల్ల ఎక్కడికి వెళ్తుంది, ఎవరి దగ్గరికి వెళ్తుంది, ఇవి చూసి రాసుకోవచ్చు. శ్రమ ఎక్కువ, పట్టిక చిన్నది. అయినా ఇది నాలుగో మెట్టును తాకుతుంది.

7. ప్రాజెక్టు పని చేసేవారికి

మీలో కొందరు ఈ అంశంపై ప్రాజెక్టు రాస్తారు. ఏస్ ప్రశ్నావళి సులువుగా దొరుకుతుంది, తెలుగులోకి మార్చి ఒక బడిలో పంచితే వారంలో సమాచారం చేతిలో ఉంటుందని అనిపిస్తుంది. అలా చేయకండి. ఆ ప్రశ్నావళి సృష్టికర్తల్లో ఒకరైన అండా, తన సహచరులతో కలిసి 2020లో రాసిన వ్యాసంలో, ఏస్ స్కోరు జనాభా స్థాయి అధ్యయనానికి పనికొచ్చే స్థూలమైన కొలతేననీ, ఒక వ్యక్తి ప్రమాదాన్ని నిర్ణయించడానికి వాడరాదనీ హెచ్చరించాడు. నాలుగు అనుభవాలున్న ఇద్దరు పిల్లల స్కోరు ఒకటే కావచ్చు. ఒకరికి ఆదరించే అమ్మమ్మ ఉండవచ్చు, ఇంకొకరికి ఎవరూ లేకపోవచ్చు.

ఇంకా బరువైన సంగతి ఉంది. ఆ పది ప్రశ్నల్లో లైంగిక హింస గురించిన ప్రశ్న ఒకటి. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి దానికి ‘అవును’ అని గుర్తు పెట్టి కాగితం మీ చేతికిస్తే మీరు ఏం చేస్తారు? 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ దాన్ని స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలియజేయాలి. ‘నేను విద్యార్థిని, ఇది ప్రాజెక్టు మాత్రమే’ అనేది మినహాయింపు కాదు. వివరాలు గోప్యంగా ఉంచుతామని పైపేజీలో మీరు రాసిన మాట ఆ క్షణంలో నిలబడదు. నిలబడని మాట ఇచ్చి పిల్ల చేత ఆ గుర్తు పెట్టించినవారు మీరే అవుతారు. అందుకే పిల్లలను ఏదైనా అడిగే ముందే, వినడానికి శిక్షణ ఉన్న కౌన్సెలరు ఆ బడికి అందుబాటులో ఉన్నారా, తల్లిదండ్రుల అనుమతి, పిల్లల సొంత సమ్మతి ఎలా తీసుకుంటారు, బయటపడిన విషయం ఎవరికి చేరుతుంది అనేవి రాసి మీ పర్యవేక్షకుడికి చూపించండి. చైల్డ్‌లైన్ సంఖ్య 1098ని పిల్లలందరికీ తెలిసేలా గోడమీద పెట్టించండి. ఈ ఏర్పాట్లు కుదరని బడిలో పిల్లల బాల్యం గురించి ప్రశ్నలు వేయకుండా, వెనక బెంచీలో కూర్చుని ఆ బడినే గమనించి రాయండి.